రాకాసి గుట్ట మట్టి

మిరపకోతల నుంచి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే కరుణమ్మ గేదెకు గడ్డి కోద్దామని చేనుకు వెళ్లింది. గట్టెక్కిన మనిషి కొడవలి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చేను మధ్యలో ఉండాల్సిన పాతకాలపు మట్టిదిబ్బ, రాకాసి గుట్ట, లేదు. దాని చుట్టూ గుండ్రంగా పేర్చినట్టుండే పెద్ద రాళ్లూ లేవు. నేలంతా అరచేతిలా చదునుగా ఉంది.

గడ్డి కోయకుండానే ఇంటికి వచ్చేసింది. పక్క స్థలంలో కొత్త ఇంటి గోడలకు నీళ్లు కొడుతున్నాడు కొడుకు పవన్ కుమార్. అమ్మానాన్నలు గుంటూరు వైపు కూలికి పోయి వచ్చేలోగా చేను బాగుచేయించి మురిపిద్దామనుకున్నాడు పాపం.

"చూసినావా అమ్మా? జేసీబీ పెట్టి లేపేసినాం. అరెకరం కలిసొచ్చింది."

"ఎవుర్ని అడిగి తీసినావు?"

"నాయన్నే అడిగినా. ఫోన్‌లో సరే అన్నాడు."

ఆమె భర్త నిత్యానందం పక్కనే మంచం మీద టీ తాగుతున్నాడు.

"నోరెట్ల వచ్చిందయ్యా నీకు?" అంది కరుణమ్మ.

"రాళ్లే తీస్తాడనుకున్నా. మట్టి ఆడనే ఉంటదనుకున్నా."

పవన్ విసుక్కున్నాడు. "ఎవురివో పాత గోరీలకు ఇంత రాద్ధాంతమేందమ్మా?"

"నీకంటే ముందు ఆడబిడ్డ పుట్టిందిరా నాకు. ఊపిరి లేకుండా పుట్టింది. ఆడ ఉండేది అదే."

మార్కాపురం ఆసుపత్రి నుంచి ఆ బిడ్డను ఇంటికి తేవద్దన్నారు పెద్దలు. పేరు పెట్టని బిడ్డకు సమాధుల తోటలో చోటు లేదన్నారు. పోయినదాని మాట ఎత్తితే తర్వాత పుట్టేవాళ్లకు మంచిది కాదన్నారు. వాళ్లకేం, ఎన్నయినా చెబుతారు, మోసింది వాళ్లా? నిత్యానందం బిడ్డను తువ్వాలులో చుట్టుకుని నేరుగా చేనుకు నడిచాడు. ఆ రాళ్ల కింద వేల ఏళ్ల నాటి మనుషులున్నారని బడి పంతులు ఎప్పుడో చెప్పాడు. వాళ్ల నడుమ పెడితే బిడ్డ ఒంటరిది కాదని ఆయనకు తోచింది. అప్పటినుంచీ కరుణమ్మ చేనుకు వెళ్లినప్పుడల్లా అన్నం ఆ రాళ్ల దగ్గరే తినేది. ఎందుకని కొడుకు ఏనాడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

పవన్ చేతిలోంచి పైపు జారిపోయింది. "ఒక్క మాట చెప్పుంటే నేను ముట్టుకునేవాణ్ణా?"

"చెప్తే నువ్వు యాడ బతకవోనని భయంరా. ఆ మట్టి యాడికి తోలినారు? చోటు చూపియ్యి నాయనా, చాలు. పోయి కూసుంటా."

పవన్ కొత్త గోడల వైపు చెయ్యి చూపాడు. "ఈడికేనమ్మా. ఇంటి పునాదుల్లో పోసినాం. దిమ్మిస గూడా కొట్టించినా."

"ఏ గదిలో?"

"అన్నిట్లో."

కరుణమ్మ చెప్పులు విడిచి, ఇంకా గచ్చు వేయని ఆ ఇంట్లోకి నడిచింది. ఒక్కో గదిలో వంగి మట్టి మీద చెయ్యి పెట్టింది. వంటగది దాకా వచ్చి కూలబడింది. వెనకాలే వచ్చిన పవన్ ఆమె కాళ్ల మీద పడి వెక్కివెక్కి ఏడ్చాడు. తనూ ఏడుస్తూనే కరుణమ్మ వాడి తల ఒళ్లోకి తీసుకుంది. కడుపు మండిపోతోంది, కానీ ఉన్న బిడ్డ వీడొక్కడే.

నిత్యానందం గుమ్మం బయటే ఆగిపోయాడు.

"ఆడే నిలబడినావేందయ్యా, లోపలికి రా," అంది కరుణమ్మ. "బిడ్డను ఇంటికి తేనియ్యలేదు గదా మనల్ని. తమ్ముడు అక్కను తెచ్చుకున్నాడు."

నిత్యానందం చెప్పులు విడిచాడు. గడప దాటబోయి, ఎక్కడ అడుగు పెట్టాలో తెలియక అక్కడే నిలబడి భోరుమన్నాడు.