కేక వినబడని సాయంకాలం

అసుర సంధ్య!... సెవర్న్ నదిని పొగమంచు కమ్మేసింది. ఒడ్డునున్న ఎల్మ్‌లోడ్ ఊరి చర్చి వెనక గుడ్లగూబ కర్ణకఠోరంగా అరుస్తోంది...

నీరు తీసిన ఇసుక తిన్నె మీద, పడవలు కట్టే పుచ్చిపోయిన కొయ్యకు కట్టేసి ఉంది టామ్సిన్. రేవు ఇంటి ఆడపడుచు. ఆమె ఎదుట ఒక కపాలం! నదిలో మునిగి చచ్చినవాళ్ళను పూడ్చే చోటు నుంచి మాంత్రికుడు సైలస్ క్రూమ్ తవ్వి తెచ్చాడు. అది ఆమె ముత్తవ్వ కెజాయాది.

కపాలం మీద నెత్తురు చిలకరించి క్రూమ్ హుంకరించాడు.

"దీని ఒంట్లోకి దూరు ముసలీ! నేను చెప్పేదాకా మీ ఇద్దరి గొంతూ పెగలకూడదు! చీకటి పడిందా, ఈ నదిలో మునిగిన ప్రేతాలన్నీ నాకు బానిసలే!"

టామ్సిన్ నాలుక కొయ్యబారింది. ఎముకల్లోకి ఎవరో చల్లగా పాకారు... తన దేహంలో తానే బందీ!

అంతలో అరికాళ్ళ కింద ఇసుక అదిరింది. సముద్రం నుంచి నదికి ఎదురెక్కి వచ్చే రాకాసి అల! దాన్ని ముందే పసిగట్టి కేకేసేది తరతరాలుగా రేవు ఇంటి ఆడవాళ్ళే. ఒకప్పుడు ముత్తవ్వ, ఇప్పుడు టామ్సిన్. ఎగువ తిన్నె మీద ఆమె మొగుడు జేబెజ్ పాముచేపలకు బుట్టలు పెడుతున్నాడు. ఈ మంచులో అతనికి ఆ కేకే దిక్కు!

అరవాలి... దేవుడా, అరవాలి! గొంతు పెగల్లేదు. కన్నీళ్ళు మాత్రం ధారలు కట్టాయి.

"ఏంటే ఏడుస్తున్నావ్? అలొస్తుందనా?" క్రూమ్ వికటాట్టహాసం చేశాడు. "వెర్రిమొహమా! అలొస్తే రేవులోంచి కేక వినపడదూ? పుట్టిందగ్గర్నుంచీ వింటున్నా!"

ఆ కేక వేసే నోటినే కట్టేశానని ఆ ప్రబుద్ధుడికి తట్టనే లేదు!

భీకర గర్జన!... మంచును చీల్చుకుంటూ నల్లటి నీటిగోడ లేచింది. క్రూమ్ మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"కేకెయ్యవేమే! అరువే, అరువు!"

వాడి ఆజ్ఞే! ఆ క్షణమే కట్టు తెగింది.

"వరదోయ్!... వరదోయ్!"

ఆ అరుపుకు తిన్నె దద్దరిల్లింది. మరుక్షణం మాంత్రికుణ్ణీ కపాలాన్నీ నది మింగేసింది. పుచ్చిన కొయ్య ఫెళ్ళున విరిగి, టామ్సిన్‌ను ఒడ్డుకు తోసింది. బురదలో పడి ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. జేబెజ్ విన్నాడో, లేదో...

ఎగువ గట్టు మీంచి, మంచులోంచి, గొంతు వచ్చింది.

"విన్నానే టామ్సీ! గట్టెక్కేశా! అవునూ... ఇవాళ నీతో పాటు అరిచిన ఆ ముసలావిడెవరే?"