గోడకు వేసిన సున్నం

మునగాలలో తల్లిగారింట్లో రెండు రోజులుండి, పొద్దున్నే కోదాడలో బస్సు దిగి ఇల్లు చేరిన సంతోషికి గుమ్మంలోనే సున్నం వాసన తగిలింది. లోపల అత్త రూతమ్మ, పక్కింటి జమునను అడిగి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలను కొంగుతో తుడుస్తోంది. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. వరద వచ్చిపోయిన ఇల్లులా లేదు, పెళ్లిచూపులకు ముస్తాబైన ఇల్లులా ఉంది.

"అత్తమ్మా, సున్నం ఎవరేసిన్రు?"

"నేనే. ఇయ్యాల సర్వేకొస్తరంట. బురద కొంపల కూసోబెడ్తమా?"

సంతోషి చేతిలోని సంచి కింద పడేసింది. "వాళ్లొచ్చేదే బురద సూడనీకి! గోడ మీద నీళ్ల గీత ఫోటో కావాలని నీ కొడుకు చెప్పలేదా?"

"చెప్పిండు. నోటితోని చెప్తె నమ్మరా ఏంది?"

వరద నష్టానికి సర్కారు ఇచ్చే సాయం మీదే సంతోషి ఆశంతా. వాగు ఇంట్లోకి వచ్చినప్పుడు కుట్టుమిషన్ను చేతులు తిమ్మిరెక్కేదాకా ఎత్తి పట్టుకుంది. చివరికి వదిలేసింది. ఇప్పుడది తుప్పుముద్ద. కొత్తది కొంటేనే మళ్లీ జాకెట్లు కుట్టేది. లేకపోతే ఇంటికంతా భర్త గోపి ఆటో ఒక్కటే దిక్కు.

మాట పెరిగేలోపే సర్వే చేసే అమ్మాయి అశ్విని ఫోన్ పట్టుకుని వచ్చింది. రూతమ్మ కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది.

"నష్టం ఏమైందమ్మా?"

"దేవుని దయవల్ల మంచిగనే ఉన్నం బిడ్డా."

ఇంటికి ఎవరొచ్చినా రూతమ్మ జవాబు ఇదే. పాస్టరుగారొచ్చినా, వియ్యపురాలొచ్చినా, తాను జ్వరంతో మూలుగుతున్నా ఇదే.

అశ్విని తెల్లటి గోడను ఒకసారి, రూతమ్మను ఒకసారి చూసింది. "మరి, నష్టం లేదని ఫోన్ల కొట్టనా?"

"ఆగండి మేడం!" సంతోషి అడ్డొచ్చింది. అత్త వైపు తిరిగింది. "మర్యాదకు పోయి నా నోటికాడి బువ్వ తీస్తివి గదా! నన్ను తల్లిగారింటికి తోలింది గిందుకేనా?"

"గిందుకే," అంది రూతమ్మ. సున్నానికి ఆమె వేళ్లు పగిలి ఉన్నాయి. "పొద్దున లేస్తే గా గీత దిక్కే సూస్తవ్. అన్నం కలిపి గా గీత దిక్కే సూస్తవ్. మిషన్ ఇడిసిన చేతులు సూస్కుంట కూసుంటవ్. నాకు పరేషానై, గీత పోతే సాలనుకున్న. జరిగింది నోటితోని చెప్పొచ్చనుకున్న."

"మరి చెప్పలేదేంది?"

"నోట్లకెళ్లి రాలేదు బిడ్డా."

సంతోషి అత్త వేళ్ల వైపు చూసింది. తన వైపు ఎవరూ చూడటం లేదనుకుంది ఇన్నాళ్లూ.

"బీరువా ఎనక సున్నం ఏయలే," అంది రూతమ్మ నెమ్మదిగా. "నాతోని జరగలే."

ఇద్దరూ భుజాలానించి తోశారు. బీరువా కిర్రుమని కదిలింది. వెనుక గోడ మీద, రొమ్ము ఎత్తున, మట్టిరంగు గీత చెక్కుచెదరకుండా ఉంది. అశ్విని ఫోటో తీసుకుని, మళ్లీ అడిగింది.

"ఇప్పుడు చెప్పండమ్మా. ఎట్లున్నరు?"

రూతమ్మ నోరు తెరిచింది. అలవాటైన మాట పెదవుల దాకా వచ్చి ఆగింది. సంతోషి ఆ పగిలిన వేళ్లను పట్టుకుంది.

"మంచిగ లేం బిడ్డా," అంది రూతమ్మ. ఆ తర్వాత కన్నీళ్లే వచ్చాయి. మిగతాదంతా కోడలు చెప్పింది. మిషన్, బియ్యం, పరుపులు, అన్నీ.

అశ్విని వెళ్లాక జమున గుమ్మంలోకి తొంగి చూసింది. "కుర్చీల కోసమొచ్చిన. మంచిగున్నరా పెద్దమ్మా?"

రూతమ్మ కోడలి వైపు చూసి, గొంతు సవరించుకుంది.

"యాడ మంచిగ జమునా? మా కుర్చీలు గూడ వాగుల కొట్టుకపోయినయ్. నీయి ఇంకో వారం ఉండనీయ్."

వాగు వచ్చిపోయాక ఆ ఇంట్లో సంతోషి నవ్వడం అదే మొదటిసారి.