రెండు రంగుల కెమెరా

హుజూరాబాద్ రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయే ముందు ప్లాంటు ఇంజినీర్ సంతోష్‌రావు పంపిన మెసేజ్ ఒక్కటే: “బాయిలర్ కెమెరా తప్పు చూపిస్తోంది.”

“విదేశీ ముఠా పని,” అన్నాడు చీఫ్ ప్రేమ్‌సాగర్‌రావు. “ఇయ్యాల పన్నెండింటికి కరెంటు ప్లాంటుల ఫుల్ లోడ్ టెస్ట్. బాయిలర్ పేల్చాలని చూస్తుండ్రు. లోపల మన మనిషి నర్మద ఉన్నది. కోడ్ వర్డ్ మక్కగారెలు.”

ఏజెంట్ కొమురెల్లికి కోడ్ వర్డ్ అక్కరలేదు. ఏడో తరగతిలో బడి మానేసిన అతనికి తొమ్మిది నెలలుగా ఆ కెమెరా సంగతులు నేర్పింది నర్మదే. కోడలు దొరికిందని మెట్‌పల్లిలో అవ్వకు చెప్పేశాడు కూడా.

పదకొండు యాభై ఏడు. బొగ్గు కూలీ వేషంలో కెమెరా గదిలోకి దూరాడు. నర్మద ఒక్కతే ఉంది. నల్ల కళ్లద్దాలు, అత్తరు వాసన.

“మక్కగారెలు.”

“చల్లారినయ్,” అంది నవ్వుతూ.

తెర మీద మంట. అందులోని ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల నిష్పత్తిని బట్టి కెమెరా వేడిని లెక్కగడుతుంది. వేడి పెరిగేకొద్దీ పచ్చ వాటా పెరగాలి. ఇప్పుడు 1,150 డిగ్రీలంటోంది. మంట చల్లబడిందనుకుని మిషన్ ఇంకా బొగ్గు తోస్తోంది. కింద అరవై మంది కూలీలు.

ఎరుపు నిండుగా ఉంది. పచ్చ సగానికి పడిపోయింది.

“గిదేంది నర్మదా? పచ్చ గింతేనా?”

“అద్దం మీద మసి. ఫికర్ చెయ్యకు.”

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేది.

“మసి వడితె రెండు రంగులు సమంగ తగ్గుతయ్, లెక్క మారది. నువ్వే చెప్పినవ్ గద. ఒక్క పచ్చకే అడ్డం వెట్టాల్నంటె మనిషి చెయ్యి గావాలె.”

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది.

“ఏడు సదివినోనివి. యాదుండదనుకున్న.”

“నువ్వు చెప్పింది ఒక్కటి సుత మర్వలే.”

పదకొండు యాభై తొమ్మిది. ఆమెకు వీపు తిప్పి, గోడకున్న ఎర్ర బటన్ నొక్కాడు. బొగ్గు ఆగింది. తెర నల్లబడింది. తూటా రాలేదు. ఎందుకు కాల్చలేదని అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. గార్డులు తలుపు తోసుకొచ్చారు.

లెన్స్ విప్పితే పచ్చ వెలుగును ఆపే సన్నటి గాజుబిళ్ళ దొరికింది. అసలు వేడి 1,480.

సాయంత్రం కరీంనగర్ ఆఫీసులో చీఫ్ రిపోర్టు ఫారం ముందు పెట్టాడు. ‘ఈ విద్య ఎవరు నేర్పారు?’ అన్న గడి ఖాళీగా ఉంది.

కొమురెల్లి రాశాడు: నిందితురాలు.

“మంచిగ నేర్పింది,” అన్నాడు చీఫ్.

“ఔ సార్. గీ బడి సుత మధ్యలనే బందైంది.”