వాకిలిగొంతు

ఆ నాలుగో అంతస్తులో చివరి వాటా ఇప్పటికీ ఖాళీయే. అద్దె సగానికి తగ్గించినా, గోడలకి కొత్త రంగు వేయించినా, చూసి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు. రాత్రి పది దాటాక ఎవరో మెట్లెక్కి వచ్చి ఆ తలుపు ముందు నిలబడతారని వీధిలో అందరూ చెబుతారు. కళ్ళతో చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఇలాంటివి వింటే నాకు నవ్వొస్తుంది. కానీ ఈ సంగతి నాకు చెప్పింది మా చిన్నాన్న. ఆయన దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు — దెయ్యాల మీద జీతం తీసుకున్న మనిషి.

ఒక ప్రచురణ సంస్థలో ఆయన ఉద్యోగం. వింతజీవులన్నిటికీ కలిపి ఒక కోశం తయారు చేస్తున్నారు. తలలేనివి, పాదాలు వెనక్కి తిరిగినవి, నీళ్ళలో ఉండి కాళ్ళు లాగేవి... ఒక్కోదానికి ఒక్కో కార్డు. కార్డు మీద నాలుగు గళ్ళు: రూపం, ఉండే చోటు, చేసే పని, విరుగుడు. "మనుషుల గురించి రాయడం కన్నా ఇదే నయంరా, తప్పు రాశావని ఒక్కటీ వచ్చి గొడవపడదు" అనేవాడు.

అలాంటి పుస్తకాల వాళ్ళకి ఒక రహస్యమైన అలవాటు ఉంది. ఎక్కడో ఒకచోట, అసలు లేనిదాన్ని ఒకదాన్ని కల్పించి పెడతారు. ఇంకో సంస్థవాళ్ళు మక్కీకి మక్కీ దించేసుకుంటే ఆ అబద్ధం కూడా వాళ్ళ పుస్తకంలోకి వెళ్తుంది, దొంగతనం బయటపడుతుంది. ఆ అబద్ధం ఏదో సంపాదకుడికీ రాసినవాడికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. తెలిస్తే ఉద్యోగం ఊడినట్టే.

ఈసారి ఆ పని మా చిన్నాన్న నెత్తిన పడింది.

ముందు రోజు రాత్రి ఇంటికి ఆలస్యంగా వెళ్తే మా పిన్ని అలిగి తలుపు తీయలేదట. అరగంట సేపు గుమ్మం ముందు నిలబడి పిలిచాడు. ఆ ఉక్రోషం ఇంకా దిగలేదు. కాఫీ చల్లారేలోపు కార్డు నింపేశాడు. పేరు — వాకిలిగొంతు. రూపం — ఎవరూ చూడలేదు. ఉండే చోటు — మనిషి తప్పిపోయిన ఇంటి గుమ్మం. చేసే పని — రోజూ రాత్రి ఆ మనిషి గొంతుతో ఒకే ఒక్కసారి పిలుస్తుంది. విరుగుడు — పలకకూడదు, తలుపు తీయకూడదు. తీస్తే... తప్పిపోయిన మనిషి ఇక ఎన్నటికీ తిరిగి రాడు.

రాసి, పైకి చదువుకుని, తనలో తనే మురిసిపోయాడు.

మూడేళ్ళు గడిచాయి. రెండో ముద్రణ పని నడుస్తోంది. ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక కార్డుల గదిలోకి ఒకామె వచ్చింది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని ఆమెది. వేళ్ళు నానిపోయి తెల్లగా ఉన్నాయి. చంకలో గ్రంథాలయం ముద్ర వేసిన కోశం.

"ఈ వాకిలిగొంతు గురించి రాసిందెవరు బాబూ?"

"నేనే. ఏమ్మా?"

ఆమె గొంతు తగ్గించింది. "మా అమ్మాయి నాతో పోట్లాడి వెళ్ళిపోయి ఏడాదిన్నర అయింది. వంతెన మీద దాని సంచి దొరికింది. ఆశ వదులుకోమన్నారు పోలీసులు. ఇప్పుడు... పదకొండు రాత్రుల నుంచి తలుపు దగ్గర పిలుస్తోంది."



"మొదటి రాత్రి వణికిపోయాను. మర్నాడు గ్రంథాలయంలో అడిగితే ఈ పుస్తకం ఇచ్చారు. మీరు ఎలా రాశారో అలాగే బాబూ. అమ్మా అని ఒక్క పిలుపు. నేను పలకలేదు. నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చుంటున్నాను. తీస్తే ఇక రాదన్నారుగా... కానీ ఎన్నాళ్ళు తీయకుండా ఉండాలి? అది మీరు రాయలేదు."

ఉద్యోగం, సంపాదకుడి మొహం, ఇంట్లో పిల్లలు — అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అయినా చెప్పేశాడు.

"అమ్మా... అలాంటిది లేదు. ఎక్కడా లేదు. నేనే కల్పించి రాశాను."

తిడుతుందనుకున్నాడు. పుస్తకం మొహాన కొడుతుందనుకున్నాడు. ఆమె చాలా నెమ్మదిగా అడిగింది.

"అయితే... పదకొండు రాత్రులూ నా బిడ్డే బయట నిలబడిందా?"

జవాబు కోసం ఆగలేదు. చిన్నాన్న గది తలుపైనా వేయకుండా ఆమె వెనకాలే పరిగెత్తాడు.

అదే నాలుగో అంతస్తు, చివరి వాటా. వరండాలో బల్బు లేదు. లోపల ఒకటే గది, ఒక మంచం, గోడకి ఆనించిన ఇంకో పరుపు చుట్ట.

"తలుపు తీసే ఉంచుదామమ్మా" అన్నాడు.

"వద్దు బాబూ, తలుపు తీసి ఉన్నా, వెలుతురు కనపడినా ఎవరో ఉన్నారని బెదిరి మళ్ళిపోతుంది. సిగ్గు దానికి, అందుకే పగలు రాదు. గొంతు వినపడగానే తీస్తాను. ఒక్క మాట అనను... ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని కూడా అడగను."

దీపం ఆర్పి ఇద్దరూ తలుపు వెనక కూర్చున్నారు.

పది దాటింది.

కింద మెట్ల మీద అడుగులు... మొదటి అంతస్తు... రెండోది... మూడో అంతస్తులో ఆగాయి, ఆయాసం తీర్చుకోవడానికి ఆగినట్టు. మళ్ళీ కదిలాయి. వరండా పొడుగునా వచ్చి — సరిగ్గా తలుపు ముందు నిలబడ్డాయి.

"అమ్మా..."

ఆమె చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. పదకొండు రాత్రుల భయం ఒక్క సాయంత్రంలో పోతుందా? చిన్నాన్న వైపు తిరిగింది.

"తీయనా బాబూ?"

అలాంటిది లేదని రూఢిగా తెలిసిన మనిషి ఆ గదిలోనే ఉన్నాడు. పెళ్ళాం మీద కోపంతో తన చేత్తో తనే రాశాడు. తియ్యమ్మా అనడానికి ఎంతసేపు?

చిన్నాన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు" అన్నాడు.

బయట చప్పుడు లేదు. కాసేపటికి, తలుపుకి ఆనుకుని చాలా చిన్నగా —

"అమ్మా... లోపల నీతో ఎవరున్నారు?"

ముందు తేరుకుంది ఆమే. పుస్తకం ఆమెకి కంఠతా వచ్చు.

"ఒక్కసారే అన్నారుగా..." గొణిగింది. "ఇది రెండోసారి... రెండోసారి బాబూ!"

గింజుకుంది. చిన్నాన్న వేళ్ళు వెంటనే విడలేదు. ఆమె చెయ్యి విదిలించుకుని గడియ లాగేసరికి అడుగులు మెట్లు దిగిపోతున్నాయి. కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూ నాలుగు అంతస్తులూ దూకినట్టే దిగింది. వీధి అటు చివర నుంచి ఇటు చివరి దాకా ఖాళీగా ఉంది.

మళ్ళీ ఆ పిలుపు రాలేదు. ఆమె రెండేళ్ళు తలుపు బార్లా తీసి పెట్టుకుని రాత్రంతా గుమ్మంలో కూర్చుంది. చివరికి ఆమె తమ్ముడు వచ్చి బలవంతంగా తీసుకెళ్ళాడు. అప్పటి నుంచీ అది దెయ్యం వాటా అన్న పేరు పడిపోయింది.

"లేదని తెలిసి కూడా ఎందుకు వద్దన్నావు చిన్నాన్నా?" అని అడిగాను.

"భయమేసిందిరా" అన్నాడు.

నేనూరుకోలేదు. "ఇంతకీ అది ఆ అమ్మాయేనంటావా? దెయ్యమా?"



"దెయ్యమే అయ్యుండాలని కోరుకోని రాత్రి లేదురా నాకు" అన్నాడు.