అక్క చెప్పిన గుండె, చెల్లెలు చెప్పిన హెర్నియా

పొద్దున్నే పాలు పొంగి పొయ్యంతా అయ్యాయి. ఎదురుగా నిలబడ్డ మనిషి కళ్ళు ఫోన్‌లో ఉంటే పాపం పాలు మాత్రం ఏం చేస్తాయి? ఆ ఇంటి కోడలు పిల్లల సర్జన్. పసిగుడ్డు పేగుని వెంట్రుకంత దారంతో కుట్టగల మనిషి, స్టవ్ కట్టెయ్యడం మర్చిపోయింది.

ఫోన్‌లో ఉన్నది దూరాన ఉన్న పెద్దాసుపత్రి వాళ్ళ కబురు. పిల్లల పెద్దపేగు, మలద్వారం జబ్బుల సర్జరీలో ఏడాది ప్రత్యేక శిక్షణ. ఫెలోషిప్ అంటారు. సీటు వచ్చింది. వస్తారో రారో సాయంత్రంలోగా చెప్పమన్నారు.

వెళ్ళాలని ఉందా అంటే ఉంది. వద్దని ఉందా అంటే అదీ ఉంది. ఇంట్లో ఎవరైనా గట్టిగా వద్దంటే పోట్లాడి వెళ్ళిపోవచ్చు. కానీ ఆ ఇంట్లో నిన్నటి మాట ఇవాళ ఉండదు.

"వెళ్ళు. నేనేమైనా వద్దన్నానా?" అన్నాడు భర్త, పొయ్యి తుడుస్తూ. "అయినా ఇప్పుడెందుకూ అని."

"వెళ్ళమంటున్నారా, వద్దంటున్నారా?"

"వెళ్ళమనే అంటున్నా. వెళ్ళకపోతే బావుంటుందని కూడా అంటున్నా. డాక్టరయ్యావు, సర్జనయ్యావు, పిల్లల సర్జనయ్యావు. నీ చదువు పూర్తయ్యేసరికి నాకు పెన్షనొచ్చేలా ఉంది!"

ఆయన కాలేజీలో లెక్కలు చెబుతాడు. ప్రశ్నకి ఒకటే జవాబుండాలన్న పట్టింపు క్లాసులో వదిలేసి ఇంటికొస్తాడు.

హాల్లోంచి అత్తగారు అందుకున్నారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు గానీ ఆ గొంతు మాత్రం రిటైరవలేదు.

"వెళ్తే వెళ్ళనీరా. కానీ ఆ చదువేంటో నలుగురిలో చెప్పుకునేలా ఉండాలా వద్దా? నేనైతే గుండె ఆపరేషన్లని చెప్పేశాను."

"గుండేంటి అత్తయ్యా?" కోడలు గరిటె పట్టుకునే హాల్లోకొచ్చింది.

"మరి దొడ్డికెళ్ళే దారి బాగుచెయ్యడం నేర్చుకోడానికి వెళ్తోందని చెప్పనా? కాఫీ తాగేవాళ్ళు కప్పు కింద పెట్టేస్తారు."

భర్త పకపకా నవ్వాడు. కోడలికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఏదో ఒకటి తేల్చుకునేలోపే కాలింగ్ బెల్ మోగింది.

వచ్చింది అత్తగారి చెల్లెలు, వెంట ఆరేళ్ళ మనవరాలు. గలగలా వాగుతుందని ఆ పిల్లని చిన్నప్పటి నుంచీ పిచ్చుక అంటారు. ఇవాళ పిచ్చుక నోరు విప్పలేదు. సోఫాలో కూర్చోబోతే నాన్నమ్మ చటుక్కున సంచీలోంచి తువ్వాలు తీసి కింద పరిచింది.

"గుండె డాక్టరమ్మా, సంతోషం! చెవినపడగానే చూసిపోదామని వచ్చాను" అంది చిన్నత్తగారు.

"పిచ్చుకకి బడి లేదా?"

"లేదు. అంటే ఉందనుకో. ఒంట్లో బాలేదు. అంటే, బాగానే ఉంది..."

ఆ మాట పూర్తికాకముందే పిల్ల బిగుసుకుపోయింది. వాసన గదంతా పరుచుకుంది. చిన్నత్తగారు పిల్ల వీపు మీద ఛెళ్ళున ఒక్కటిచ్చింది.

"మళ్ళీనా! వచ్చేముందు చెప్పమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? ఒళ్ళంతా పెంకితనం!"

"నాకు తెలీలేదు నాన్నమ్మా."

కోడలు పిల్లని ఎత్తుకుని బాత్రూంలోకి తీసుకెళ్ళింది. గోరువెచ్చటి నీళ్ళతో కడుగుతుంటే పాత కుట్ల మచ్చ కనబడింది. అలాంటి మచ్చలు ఆమె చేతి మీదుగా ఎన్నో పడ్డాయి.

బయటికొచ్చి అడిగింది. "పిచ్చుకకి పుట్టగానే చేయించింది మీరు అందరికీ చెప్పినట్టు హెర్నియా ఆపరేషన్ కాదుగా, చిన్నత్తయ్యా?"

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. "మలద్వారం లేకుండా పుట్టిందమ్మా. ఆపరేషన్ చేసి దారి పెట్టారు. ఆడపిల్ల కదా, ఎలా చెప్పుకోను? ఇప్పుడు బడివాళ్ళు కూడా పంపొద్దన్నారు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడుగుదామనే అనుకున్నాను. ఈలోగా నువ్విలాంటి చిల్లర పనులు మానేసి గుండెకి వెళ్ళిపోతున్నావని అక్క చెప్పింది. అంత పెద్ద డాక్టర్ని ఈ సంగతి ఎలా అడగను?"

అత్తగారు తేలుకుట్టిన దొంగలా కూర్చుండిపోయారు. కొడుకు ఆమె వైపు చూసి, మళ్ళీ భార్య వైపు తిరిగాడు.

"ఆపరేషనైపోయిందిగా, ఇంకేం మిగిలింది? నువ్వు బాగుచెయ్యలేవా?"

"నాకు రాదు."

ఆ ఇంట్లో ఆమె నోట ఆ మాట అంతవరకూ ఎవరూ వినలేదు.

"దారి పెట్టడం వచ్చు. దారున్నా కొందరికి వస్తున్నట్టు తెలీదు, ఆపుకోలేరు. ఆ తర్వాత ఏ పిల్లకి పేగు ఎలా కడగాలో, ఎవరికి మళ్ళీ కొయ్యాలో, ఎవర్ని ముట్టుకోకూడదో నాకు సగమే తెలుసు. ఆపరేషన్ సక్సెస్ అని నేనే చెప్పి పంపించిన పిల్లలు ఇలా మళ్ళీ వస్తుంటే మందులు రాసిచ్చి తప్పించుకుంటున్నాను. అందుకే వెళ్ళాలనుంది. వెళ్తే ఈ ఏడాదీ వాళ్ళనెవరు చూస్తారని భయంగానూ ఉంది."

"అయితే వెళ్ళకమ్మా!" చిన్నత్తగారు ఆమె చేతులు పట్టుకుంది. "సగం వస్తే సగమే చెయ్యి. దీన్ని వదిలేసి వెళ్ళకు."

"అదేంటి పిన్నీ, వెళ్ళాలి!" అన్నాడు ఇంతసేపూ ఎటూ తేల్చని భర్త.

అత్తగారు మెల్లగా నోరు విప్పారు. "నా బళ్ళోనూ ఇలాంటి పిల్లలుండేవాళ్ళు. వాసనొస్తోందని ఇళ్ళకి పంపించేశాను. పెంకితనమే అనుకున్నాను." కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "నువ్వు వెళ్ళిరా తల్లీ. దీని బడికి నేను వెళ్తాను. అక్కడి హెడ్మిస్ట్రెస్‌తో నేను మాట్లాడతాను."

కోడలు ఒక్క క్షణం అందరినీ చూసింది. "వెళ్ళేలోపు నాకొచ్చినంతా మొదలుపెడతాను, చిన్నత్తయ్యా. ఎనిమాతో పేగు కడగడం మీకు దగ్గరుండి నేర్పిస్తాను. రానిది నేర్చుకునొస్తాను." వస్తున్నానని అక్కడే నిలబడి ఆసుపత్రికి కబురు పంపింది.

అత్తగారి పాత చీర చుట్టుకుని నిలబడ్డ పిచ్చుక ఆమె చెయ్యి లాగింది.

"పెద్దమ్మా, నాకు తెలీకుండా వస్తే అది నా తప్పా?"

"కాదు నాన్నా. ఒక్క రవ్వ కూడా కాదు."

"మరి నాన్నమ్మకి చెప్పవా?"

చిన్నత్తగారు పిల్ల ముందు చతికిలబడి, తను కొట్టిన వీపునే నిమురుతూ భోరుమంది. పిచ్చుక ఆవిడ చెంపలు రెండు చేతులతోనూ తుడిచింది.

"ఏడవకు నాన్నమ్మా. నీకూ తెలీలేదుగా."