నవంబరులో మామిడి వాసన

పొయ్యి మీద ఇడ్లీలు పెట్టి, కొడుకు పక్క సర్దుదామని గదిలోకి వెళ్లిన జహీదా గుమ్మంలోనే ఆగిపోయింది. గదంతా మాగిన మామిడిపండు వాసన. చెట్లకు పూతైనా రాని నవంబరు నెల అది.

"స్ప్రే కొట్టుకున్నావా నాన్నా?" అంది.

"ఆ, ఫ్రెండ్‌ది," అన్నాడు అర్హాన్, ఆమె వైపు చూడకుండా. ఇడ్లీ వద్దని బ్యాగు భుజాన వేసుకుని, దగ్గుకుంటూ మెట్లు దిగిపోయాడు.

వాడిప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. బడిలో ఉన్నన్నాళ్లూ, సాయంత్రం కాగానే వంటింటి గట్టెక్కి కూర్చుని ఎవరు ఎవరితో కొట్టుకున్నారో, లెక్కల మాస్టారు ఎలా తుమ్మారో అభినయించి మరీ చెప్పేవాడు. "కాస్త నోటికి విశ్రాంతి ఇవ్వరా," అని తనే విసుక్కునేది. ఇప్పుడు వస్తే గది, లేస్తే ఫోను. పిల్లాడు కళ్లెదుటే ఉన్నా, ఎక్కడో దూరదేశంలో ఉన్నవాడి కోసం బెంగపెట్టుకున్నట్టు ఉంటోంది ఆమెకు.

హాల్లో నేల మీద చార్టు పరుచుకుని రంగులు వేస్తున్న కూతురు అర్ఫా తలెత్తింది. పదో తరగతి. వాళ్ల బడి పిల్లలంతా జట్టుగా చేరి, వేపింగ్ అనే కొత్త వ్యసనం వద్దంటూ క్లాసు క్లాసుకీ తిరిగి చిన్న నాటకం వేస్తున్నారు.

"అమ్మీ, అది స్ప్రే కాదు."

"మరి?"

"వేప్. చూడ్డానికి పెన్నులా ఉంటుంది. ఛార్జింగ్ పెట్టుకుని పీలుస్తారు. లోపలుండేది నికోటినే, సిగరెట్లో ఉండేదే. పిల్లలకి నచ్చాలని పళ్ల వాసనలు కలుపుతారు. అమ్మకూడదని చట్టముంది, అయినా దొరుకుతోంది."

జహీదా కూతురి ఎదురుగా నేల మీద కూర్చుంది. "నీకెప్పట్నించి తెలుసు?" అంది.

"ఎండాకాలం నుంచి. నీకు చెబితే మాట్లాడనన్నాడు భయ్యా." అర్ఫా కుంచె పక్కన పెట్టేసింది. "చెప్పకపోయినా మాట్లాడట్లేదు అమ్మీ."

ఆ సాయంత్రం ఆటోనగర్ నుంచి వచ్చిన భర్త ఆరిఫ్, లేత్ పని మురికి పోయేలా చేతులు తోముకుంటున్నాడు. అర్హాన్ లోపలికి వస్తూనే గోడకు ఆనించిన చార్టు చూశాడు.

"మీ నాటకం మా కాలేజీకి కూడా వస్తుందంట కదా. నువ్వు మాత్రం రాకు. నా పరువు పోతుంది," అన్నాడు చెల్లెలితో.

"నీ పరువుకేమొచ్చిందిరా?" అన్నాడు ఆరిఫ్.

జహీదా కొడుకు ముందుకొచ్చి చెయ్యి చాపింది. "జేబులోది ఇటివ్వు."

వాడు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "అది పొగ కాదమ్మీ. ఉత్త ఆవిరి."

సంగతి అర్థమైన ఆరిఫ్ చెయ్యెత్తాడు. జహీదా మధ్యలోకి వచ్చింది.

"ఆవిరా? చిన్నప్పుడు నీకు పిల్లికూతలు వస్తే, దుప్పటి కింద నీతోపాటు నేనూ తలపెట్టి పట్టించాను ఆవిరి. ఊపిరందక నీ డొక్కలెలా ఎగిరిపడేవో నీకు గుర్తుండదు. నేను మర్చిపోలేను."

అర్హాన్ ఆ పెన్నులాంటిది తీసి తల్లి చేతిలో పెట్టాడు. ఉన్నచోటే కూలబడ్డాడు.

"మానేద్దామని చూశానమ్మీ. చేతులు వణుకుతాయి. క్లాసులో కూర్చోలేను. ఫుట్‌బాల్ వదిలేసింది, మీతో చెప్పినట్టు, చదువు కోసం కాదు అబ్బాజాన్. గ్రౌండు ఒక చుట్టు పరిగెత్తితే ఊపిరాడట్లేదు."

ఎత్తిన చెయ్యి దింపి ఆరిఫ్ కొడుకు పక్కనే నేల మీద కూర్చున్నాడు.

అర్ఫా మెల్లగా అంది. "మా జట్టు పిల్లలం ప్రిన్సిపాల్‌కి పేర్లివ్వం భయ్యా. ఆ మాట ముందే ఒప్పించుకున్నాం. శనివారం మా బడికి డాక్టరుగారొస్తారు. మానాలనుకునేవాళ్లతో కూర్చుని మాట్లాడతారు. ఏ కాలేజీ వాళ్లయినా రావొచ్చు."

"నువ్వుంటావా?"

"నువ్వొద్దంటే బయట కూర్చుంటా."

"ఉండు," అన్నాడు వాడు.

ఆ తర్వాతి వారాలు తేలిగ్గా గడవలేదు. అన్నం దగ్గర అర్హాన్ ఊరికే చిరాకుపడేవాడు, కంచం తోసేసేవాడు. మానేశావా అని పదేపదే అడిగి విసిగించొద్దని డాక్టరు చెప్పారు. అడగాలని నాలుక చివరిదాకా వచ్చిన మాటను జహీదా మింగేసుకునేది. వాడి అడుగుల చప్పుడు విని, ఇటొస్తాడేమోనని వంట మధ్యలో ఆగేది. అవి గదివైపే వెళ్లిపోయేవి.

ఒక సాయంత్రం డాబా మీద ఉతికిన బట్టలు ఆరేస్తుంటే వాడే పైకొచ్చాడు. దూరంగా థర్మల్ స్టేషన్ పొగగొట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మీ, ఇవాళ ఒకడిస్తే పీల్చాను. ఒక్కసారే. వెంటనే తిరిగిచ్చేశాను."

జహీదా గిరుక్కున వాడివైపు తిరిగింది. ఇంత చేసీ మళ్లీనా అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆమెకు తట్టింది. వాణ్ని ఎవరూ పట్టుకోలేదు. ఎవరూ నిలదీయలేదు. దాచుకునే వీలుండి కూడా, తప్పు చేసిన బిడ్డ దాన్ని మోసుకుని తన దగ్గరికే వచ్చాడు.

చేతిలోని తడి చొక్కా బకెట్లో పడేసి పిట్టగోడ మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది.

"రా. ఏమైందో మొదట్నించీ చెప్పు."

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఇచ్చినవాడి గురించి, తన భయం గురించి, బయట కూర్చోకుండా తన పక్కనే కూర్చున్న చెల్లెలి గురించి. జహీదా చున్నీతో కళ్లు తుడుచుకుంది. ఎక్కడ ఆపేస్తాడోనని మధ్యలో ఒక్క మాటైనా అనలేదు.

బకెట్లో బట్టలు అలాగే ఉన్నాయి. చీకటి పడుతున్నా ఇద్దరూ కిందికి దిగలేదు.