ఆరు దినాల బదులు

“గీసారి నీ ఎలక్షన్ల నేను తిరగలేను,” అన్నాడు దయానంద్.

సంధ్యారాణి చేతిలోని పోస్టర్ల కట్టను టేబుల్ మీద పడేసింది. ఆర్మూర్ పీజీ కాలేజీ విద్యార్థి సంఘానికి ఏడాదిగా ఆమే ప్రెసిడెంటు. రెండోసారి నిలబడుతోంది. పోయినేడు ఆమెను గెలిపించింది ఎవరని అడిగితే క్యాంటీన్‌లో టీ పోసేవాడు కూడా దయానంద్ పేరే చెప్తాడు. పోస్టర్లు అతికించింది అతనే, స్పీచులు రాసింది అతనే, చెమటలు కక్కుతూ ఎమ్మెస్సీ అమ్మాయిల దగ్గరికి పోయి ఓట్లడిగింది కూడా అతనే.

“ఎందుకు తిరగవు?”

“పనుంది. ఒక్క వారమే.”

“ఎలక్షన్ కూడ వచ్చే వారమే దయా. నీ పని ఒడిసేసరికి నా కుర్చీ కూడ ఒడుస్తది.”

“నువ్వు గెలుస్తవు తీయ్,” అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు చూస్తే మామూలుగా ఆమెకు కోపం రాదు. ఆ రోజు వచ్చింది.

మర్నాడు సాయంత్రం సంధ్యారాణి గేటు దగ్గరే ఉంది. మహేశ్వరి స్కూటీ లోపలికి వచ్చింది. మహేశ్వరి ఎంకాం అమ్మాయి, మోకాళ్ల దాకా జడ, ఈసారి సంధ్యారాణికి పోటీగా నిలబడ్డది ఆమే. వెనక సీట్లో దయానంద్. అతని చేతులు మోచేతుల దాకా పసుపుతో మెరుస్తున్నాయి.

ఫిబ్రవరి వచ్చిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు అంటని చెయ్యి దొరకడం కష్టం. బస్సు కండక్టరు ఇచ్చే టికెట్టు మీద కూడా పసుపు మరకే. కానీ సంధ్యారాణికి ఆ క్షణాన లోకంలో కనిపించిన పసుపు చేతులు రెండే.

“వేల్పూర్ పక్కన మహేశ్వరి వాళ్ల పొలంల పసుపు తవ్వి ఉడకబెడుతుండ్లట. గీయన పనికి పోతుండట,” అని రూత్ చెవిలో వేసింది. రూత్ సంధ్యారాణికి క్లాస్‌మేటు, రూమ్మేటు కాకపోయినా ఆమె మనసులో అద్దె లేకుండా కాపురముండే మనిషి.

“స్కూటీ మీద అంత దగ్గర కూసోవాల్నా?”

“జానెడు సందుందే నడుమ.”

“బెత్తెడు.”

“టేపు తేవాల్నా? కొలుద్దాం.”

కుళ్లు అనే మాట తనకు వర్తిస్తుందని సంధ్యారాణి ఒప్పుకునే రకం కాదు. ఒప్పుకోకపోయినా ఆ రాత్రి అన్నం సహించలేదు. మహేశ్వరి జడ ఒరిజినలేనా అన్న అనుమానం కూడా పుట్టింది. పొద్దున పోస్టర్ మీద మహేశ్వరి ఫొటోకు మీసాలు గీద్దామని పెన్ను తీసి, ప్రెసిడెంటు హోదా గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకుంది.

ఇంట్లో ఇంకో చిక్కు. వేల్పూర్‌లో వాళ్లకు రెండెకరాల పసుపు. కొమ్ములు ఉడకబెట్టే బాయిలర్ ఊరూరూ తిరుగుతుంది, ఎవరి వంతు వస్తే ఆ దినమే పని కావాలి. సంధ్యారాణి వాళ్ల వంతు మంగళవారం పడింది. ఆ రోజే కాలేజీలో అభ్యర్థుల స్పీచులు. తండ్రి గంగాదాస్ బండి మీద నుంచి పడి కాలికి కట్టుతో మంచంలో ఉన్నాడు. తల్లి నీలవ్వ ఒక్కతే ఏం చేస్తుంది? కూలికి పిలుద్దామంటే పసుపు కాలంలో మనిషి దొరకడు. అక్కడ నడిచేది బదులు: నేను మీ ఇంట్లో ఒక దినం చేస్తే, మీవాళ్లొకరు మా ఇంట్లో ఒక దినం చేస్తారు. గంగాదాస్ మంచమెక్కాక ఎవరింటికీ పోలేదు. పోనివాడికి ఎవరూ రారు.

“నామినేషన్ వాపస్ తీసుకుంట బాపూ,” అంది సంధ్యారాణి.

“వద్దు బిడ్డా. మనుషులు కుదిరిండ్లు. ఆరుగురొస్తుండ్లు. నువ్వు నీ ఓట్ల సంగతి చూస్కో.”

“ఎవరు కుదిర్సిండ్లు?”

“కుదిరిండ్లంటే కుదిరిండ్లు,” అని గంగాదాస్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మంగళవారం హాలు నిండింది. దయానంద్ వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. అతని పక్కనే మహేశ్వరి. ఆమె ఏదో చెప్తోంది, అతను తలూపుతున్నాడు, ఇద్దరూ నవ్వుతున్నారు. స్టేజీ మీద సంధ్యారాణికి రాసుకున్న స్పీచు కళ్లముందు నుంచి చెరిగిపోయింది.

“లైబ్రరీ సాయంత్రం ఏడింటిదాక తెరిపించినం. బస్ పాసుల కోసం కొట్లాడినం,” అని మొదలుపెట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. “పోయినేడు నా పోస్టర్లు మోసినోళ్లు గీ ఏడు వేరేటోళ్ల ఇంట్ల బస్తాలు మోస్తుండ్లు. మోసుడు కొందరికి అలవాటే. ఎక్కడ కూలి దొరికితే అక్కడ జై కొడతరు.”

వెనక బెంచీలు ఈలలు వేశాయి. దయానంద్ తండ్రి లింగం షేర్ ఆటో నడుపుతాడని, తల్లి కూలికి పోతుందని, ఆ ఇంటికి గుంటెడు భూమి లేదని హాల్లో అందరికీ తెలుసు. దయానంద్ వెనక్కి తిరిగాడు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

సంధ్యారాణి స్టేజీ దిగుతుంటే మహేశ్వరి ఎదురొచ్చింది. “నన్ను ఏమన్న అను, సరే. ఆయన్ను గట్ల అనకుండ ఉండాల్సింది సంధ్యా.”

“నీకెందుకంత నొప్పి?” అంది సంధ్యారాణి.

ఇంటికి వచ్చేసరికి కల్లమంతా ఉడికిన పసుపు పరిచి ఉంది. పని ఒడిసింది. నీలవ్వ చేతులు కడుక్కుంటూ, “మహేశ్వరి వాళ్ల నాయిన, అన్నలు, వాళ్లోళ్లు, ఆరుగురు. మస్తు చేసిండ్లు పాపం,” అంది.

“మహేశ్వరి వాళ్లా? మనకెందుకు చేసిండ్లు?”

నీలవ్వ మంచంవైపు చూసింది. గంగాదాస్ ఈసారి గోడవైపు తిరగలేదు.

“లింగం కొడుకు వాళ్లింట్ల ఆరు దినాలు చేసిండు. కూలి తీస్కోలే. నాకు భూమి లేదు, నాకు రావాల్సిన బదులు గంగాదాస్ కాక ఇంటికి పోవాలె అన్నడట. ఒక్కడు ఆరు దినాలు చేస్తే, ఒక్క దినం ఆరుగురొచ్చిండ్లు. నీకు చెప్పొద్దన్నడు. చెప్తే వద్దంటవట.”

సంధ్యారాణి అక్కడే కల్లం అంచున కూర్చుండిపోయింది. మోసుడు కొందరికి అలవాటే. తన గొంతే తన చెవిలో మోగుతోంది. ఫోన్ చేసింది. ఎత్తలేదు. పదిసార్లు చేసింది. పదిసార్లూ ఎత్తలేదు.

గురువారం పోలింగ్ నాలుగింటి దాకా. పోయినేడు చివరి ఓటు సంధ్యారాణిదే. ఆ సెంటిమెంటుతో ఈసారి కూడా ఆగింది. ఆమె ఆగింది అందుకేనా, గేటువైపు చూడడానికా అని రూత్‌కు అనుమానం. మూడున్నరకు దయానంద్ వచ్చాడు. తండ్రి ఆటో గేటు దగ్గర ఆపి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు అక్కడే నిలబడ్డాడు.

అప్పుడే వేల్పూర్ వైపు మబ్బు పట్టింది. ఫిబ్రవరిలో మబ్బు పడితే పసుపు రైతు ఇంట్లో ఎవరికీ కవిత్వం గుర్తు రాదు. సంధ్యారాణి తల్లికి ఫోన్ చేసింది. “మనది కప్పినమే. మీ బాపు కూడ కుంటుకుంట వచ్చి ఒక కొస పట్టిండు,” అంది నీలవ్వ.

పక్కనే మహేశ్వరి కూడా ఫోన్‌లో ఉంది. “ఎవ్వరు లేరా? అందరు పక్కూరికి బదులు పోయిండ్లా? మరి కల్లంల పసుపు?” ఫోన్ పెట్టేసి స్కూటీ దగ్గరికి పరుగెత్తింది.

దయానంద్ ఆ మాట విన్నాడు. ఆటో స్టార్ట్ చేశాడు. వెనక సీట్లోకి ఎవరో దూకారు.

“నువ్వెందుకు?” అన్నాడు అద్దంలో చూస్తూ.

“వాళ్లు మా పసుపు ఉడకబెట్టిండ్లు. నడుపు.”

“ఓటేసినవా?”

“నువ్వేసినవా?”

అతను గేరు మార్చాడు.

వాళ్లు మహేశ్వరి వాళ్ల కల్లం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ముగ్గురూ ఉరికారు. కుప్ప చేసింది మహేశ్వరి, టార్పాలిన్ లాగింది దయానంద్, గాలికి లేస్తున్న కొసల మీద రాళ్లు పెట్టింది సంధ్యారాణి. చివరి రాయి పెట్టగానే వాన దబదబా దంచింది. మహేశ్వరి రొప్పుతూ, “సంధ్యా, నువ్వు ఓటేసే వచ్చినవా?” అని అడిగింది.

“వేసిన,” అంది సంధ్యారాణి.

మహేశ్వరి టవల్ కోసం ఇంట్లోకి పోయింది. మిగిలిన ఇద్దరూ రేకుల చూరు కింద నిలబడ్డారు. చూరు చిన్నది. నడుమ జానెడు సందు కూడా లేదు. ఈసారి సంధ్యారాణి కొలవలేదు.

“గా మాట నేను అనొద్దుండె,” అంది. “కుళ్లుతోని అన్న.”

“దేనికి కుళ్లు? కుర్చీ పోతదనా?”

“కుర్చీ పోతె పోనీ. నువ్వు గా స్కూటీ మీద కూసున్నవ్.”

“బస్సు లేకుండె.”

“నవ్వినవ్.”

“వాళ్ల నాయిన గురక గురించి చెప్పింది. నవ్వొచ్చింది.”

“నాకెందుకు చెప్పలే? ఆరు దినాలు చేసినవ్, ఒక్క మాట చెప్పొచ్చు కద.”

దయానంద్ వానవైపు చూశాడు. “నోటితోని చెప్పొస్తే ఆరు దినాలెందుకు చేస్త? పోయినేడే చెప్పేటోన్ని.” ఆమెవైపు తిరిగి, “కూలోడని అన్నప్పుడు మాత్రం మస్తు నొప్పైంది సంధ్యా,” అన్నాడు.

ఆమె అతని పసుపు చెయ్యి పట్టుకుంది. ఏడుస్తూనే, “నువ్వంటే నాకిష్టం. ఎవ్వరితోని నవ్వినా తట్టుకోలేనంత ఇష్టం,” అంది. టవల్‌తో బయటికొచ్చిన మహేశ్వరి వాళ్లను చూసి, మళ్లీ ఇంట్లోకి పోయి ఇంకో టవల్ వెతకడం మొదలుపెట్టింది.

ఫలితం ఆరింటికి రూత్ ఫోన్‌లో చెప్పింది. మహేశ్వరికి నూట ఐదు, సంధ్యారాణికి నూట నాలుగు. ఓటెయ్యనివాళ్లు ఇద్దరే.

మహేశ్వరి ముఖం పాలిపోయింది. “వేసినన్నవ్ కద.”

“లైబ్రరీ ఏడింటిలోపు మూయనీయకు,” అంది సంధ్యారాణి. “మూస్తే వచ్చేసారి చూస్కుంట నీ సంగతి.”

దయానంద్ ఆమెను ఇంటి దగ్గర దింపాడు. గంగాదాస్ కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. తడిసిన కూతుర్ని చూశాడు, ఆమె చేతికి అంటిన పసుపు చూశాడు, ఆటో దిగకుండా తల దించుకున్న కుర్రాణ్ణి చూశాడు.

“ఓడినవట.”

“ఓడిన బాపూ.”

“మరి గా నవ్వేంది ముఖం మీద?”

సంధ్యారాణి ఆటోవైపు చూసింది. అది చూసి నీలవ్వ లోపలికి పోయి ఇంకో పళ్లెం కడగసాగింది.

“పిలగా,” అన్నాడు గంగాదాస్. “పదిహేను దినాలైతే పసుపు ఎండి పాలిష్‌కొస్తది. నా కాలు గిట్లనే ఉంటది. వస్తవా?”

“వస్త కాకా.”

“ఆరు దినాలది ఇప్పటికే మామీద ఉండె. గిది కూడ కలిస్తే బదులెట్ల తీర్సాలె?”

“బదులొద్దు కాకా,” అన్నాడు దయానంద్ కంగారుగా. “నేను బదులు కోసం చెయ్యలే.”

గంగాదాస్ కూతురివైపు తిరిగాడు. ఆమె తల వంచుకోలేదు. సూటిగా తండ్రి కళ్లలోకే చూసింది. ఆయన పక్కనున్న పీటను కర్రతో ఆటోవైపు జరిపాడు.

“దిగి అన్నం తిను. నువ్వొద్దన్నా, అనకున్నా, ఇంటి మనిషికి బదులు ఎవడిస్తడు?”